ముందు పాత నొప్పి సంగతి చెప్పండి

హైదరాబాద్‌లో గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కు తెల్లవారుజామున వెళ్లి, మూరలు కట్టే ఏ పెద్దమ్మనైనా "ఎట్లున్నవ్ అక్కా?" అని అడిగి చూడండి. "మంచిగనే ఉన్న" అంటుంది. ఆ మాట అంటూనే గోనెసంచి మీద చెయ్యి ఆనించి, పళ్లు బిగబట్టి లేస్తుంది. నాలుగడుగులు వంగి నడిస్తే గానీ నడుము నిటారు కాదు. చేవెళ్ల, శంకర్‌పల్లి వైపు నుంచి వచ్చిన బంతి, చామంతి మూటలు దింపుకోవాలి, బేరం తెంపుకోవాలి, ఎండ ముదరకముందే సరుకు పోవాలి. అంత హడావిడిలో తుంటి నొప్పి గురించి ఎవరికి చెప్పేది?

ఓర్చుకోవడం మన దగ్గర గొప్ప గుణం. కాదనను. కానీ ఓర్చుకోవడం వేరు, దాచడం వేరు. నొప్పితోనే పనికి పోవడం ఓర్పు. డాక్టర్ అడిగినా "ఏం లేదు సార్" అనడం దాపరికం. మొదటిది ఇల్లు నిలబెడుతుంది. రెండోది ఆపరేషన్‌నే తప్పుదారి పట్టించగలదు. ఎలాగో చెబుతాను.

ఒక సందర్భం ఊహించుకోండి. మార్కెట్‌లో నేల తడిగా ఉంది, కాళ్ల కింద రాలిన రెక్కలు, ఆకులు. అరవై ఏడేళ్ల మనిషి కాలు జారి పక్కకు పడింది. లేవలేకపోతోంది. చూస్తే ఒక కాలు పొట్టిగా అయినట్టుంది, పాదం బయటికి తిరిగిపోయింది. తుంటి విరిగిందనడానికి ఇంతకన్నా స్పష్టమైన గుర్తులు అక్కర్లేదు. (ఈ గుర్తులు లేకుండా, నడవగలుగుతూ కూడా విరిగిన కేసులుంటాయి. పడ్డాక గజ్జల్లో నొప్పి తగ్గకపోతే ఎక్స్‌రే తప్పదు.) చుట్టూ చేరినవాళ్లలో ఒకరు పాతబస్తీలో ఎముకలు కట్టే పహిల్వాన్ దగ్గరికి పోదామంటారు, ఇంకొకరు పుత్తూరు కట్టు అంటారు. మణికట్టుకో ముంజేతికో వాళ్లు ఏం చేస్తారన్నది వేరే చర్చ. తుంటికి మాత్రం కట్టు కట్టి కూర్చుంటే కుదరదు. చివరికి కొడుకు ఆటో మాట్లాడి ఆసుపత్రికి తీసుకెళ్లాడు.

ఎక్స్‌రే చూసి డాక్టర్ అడిగాడు: "పడక ముందు అమ్మ ఎట్లా నడిచేది?"

కొడుకు క్షణం ఆలోచించకుండా చెప్పాడు: "మంచిగనే నడిచేది సార్. రోజూ మార్కెట్‌కు పోయేది."

తల్లి కూడా తలూపింది.

ఆ జవాబులో అబద్ధం లేదు, నిజమూ లేదు. రెండేళ్లుగా ఆమె కాలిగోళ్లు మనవరాలు తీస్తోంది, ఎందుకంటే తనకు పాదం అందదు. నేల మీద కూర్చుంటే లేవడానికి ఎవరో చెయ్యివ్వాలి. రాత్రిళ్లు పక్కకు తిరగాలంటే ప్రాణం పోతుంది. ఇవేవీ కొడుకు చెప్పలేదు, బహుశా అతనికి తెలియవు. డాక్టర్‌కు కావలసింది సరిగ్గా అవే.

ఎందుకు కావాలో తెలియాలంటే తుంటిలో ఏముందో కొంచెం తెలియాలి. తొడ ఎముక పైకొసన గుండ్రటి తల ఉంటుంది. అది కటి ఎముకలోని గిన్నెలో కూర్చుని తిరుగుతుంది. రుబ్బురోలు, పొత్రం లాంటి ఏర్పాటు. ఆ తలకూ తొడ ఎముకకూ మధ్య ఉండే సన్నని భాగాన్ని మెడ అంటారు. పెద్దవయసులో మెడ విరిగి పక్కకు తొలగితే తలకు రక్తం అందించే సన్నటి నాళాలు దెబ్బతింటాయి. అప్పుడు స్క్రూలు వేసి అతికించినా అది అతుక్కోకపోవచ్చు, లేదా తల మెల్లగా చచ్చిపోవచ్చు. అందుకే ఆ తలను తీసేసి కృత్రిమమైనది పెడతారు.

ఇక్కడ రెండు దారులున్నాయి. గిన్నె బాగుంటే తల ఒక్కటే మారిస్తే చాలు. దీన్ని సగం మార్పిడి అంటారు, మనవాళ్లు "బాల్ మార్చిండ్రు" అనేది దీన్నే. గిన్నె లోపలి మృదులాస్థి ముందే అరిగిపోయి ఉంటే, లేదా కీళ్లవాతం దాన్ని తినేసి ఉంటే, బాల్ ఒక్కటే మార్చడం గంట్లు పడ్డ రోట్లో కొత్త పొత్రం వేసినట్టే. విరిగింది బాగవుతుంది, పాత నొప్పి అలాగే ఉంటుంది, ఒక్కోసారి పెరుగుతుంది. ఏడాదో రెండేళ్లో పోయాక మళ్లీ బల్లెక్కాల్సి రావచ్చు. అందుకే అలాంటివారికి మొదటిసారే తల, గిన్నె రెండూ మారుస్తారు. అది పూర్తి తుంటి మార్పిడి.

ఎక్స్‌రేలో అరుగుదల కనిపించదా అంటారేమో. కనిపిస్తుంది, చాలామందిలో. కానీ బొమ్మలో అరుగుదల ఉన్నా హాయిగా తిరిగేవాళ్లుంటారు, బొమ్మలో కొద్దిగానే ఉన్నా నరకం చూసేవాళ్లుంటారు. పడకముందు బతుకు ఎలా ఉండేదో ఏ ఎక్స్‌రే చెప్పదు. మీ నోరే చెప్పాలి.

ఇంకో మాట. పెద్ద ఆపరేషన్ చేస్తేనే మంచిదన్న భ్రమ కూడా వద్దు. 2019లో వెలువడిన ఒక అంతర్జాతీయ అధ్యయనం, 10 దేశాల్లోని 80 ఆసుపత్రుల్లో, మెడ విరిగిన 1,495 మందిని తీసుకుని కొందరికి సగం మార్పిడి, కొందరికి పూర్తి మార్పిడి చేసి రెండేళ్లు గమనించింది. మళ్లీ ఆపరేషన్ అవసరమైనవారి సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కీలు జారడం, నిలకడ తప్పడం మాత్రం పూర్తి మార్పిడిలో 4.7 శాతం, సగం మార్పిడిలో 2.4 శాతం. అంటే పూర్తి మార్పిడి అందరికీ అక్కర్లేదు. పడకముందు చురుగ్గా తిరిగినవాళ్లకు, గిన్నె పాడైనవాళ్లకు దాని వల్ల లాభం ఉండొచ్చు. "ఎంతైనా పర్వాలేదు డాక్టర్, పెద్దదే చెయ్యండి" అనే కొడుకు ప్రేమ గొప్పదే. కానీ డాక్టర్ ఎదురుచూస్తున్న సమాచారం అది కాదు.

విరుపు మెడ దగ్గర కాకుండా ఇంకాస్త కింద ఉంటే లెక్క మారుతుంది. అక్కడ రక్తప్రసరణ బాగుంటుంది కాబట్టి సాధారణంగా రాడ్డు వేసి అతికిస్తారు. ఆ కీలు ముందే పాడై ఉన్నవారిలో కొందరికి ముందు ఎముక అతికించి, నొప్పి మిగిలితే తర్వాత కీలు మారుస్తారు. మరికొందరికి పొడవాటి కాడ ఉన్న కృత్రిమ కీలు ఒకేసారి పెడతారు. ఆ రెండోది కష్టమైన పని, చెయ్యి తిరిగినవాళ్లే చెయ్యాలి. "ఇలాంటి కేసులు మీరు చేస్తుంటారా సార్?" అని అడగడం అమర్యాద కాదు. మంచి సర్జన్ నొచ్చుకోడు.

తెలుగువాళ్లకు తుంటి మార్పిడి ఇంటింటి మాట అయింది 2023 డిసెంబర్‌లో. 7వ తేదీ రాత్రి ఎర్రవల్లి ఫామ్‌హౌస్‌లో తెలంగాణ మాజీ ముఖ్యమంత్రి కేసీఆర్ జారిపడ్డారు. ఎడమ తుంటిలో తొడ ఎముక మెడ విరిగింది. 8న సోమాజిగూడ యశోద ఆసుపత్రిలో పూర్తి తుంటి మార్పిడి చేశారు. వయసు 69. మర్నాడే వాకర్ పట్టుకుని అడుగులు వేయించిన వీడియో ఊరంతా చూసింది. కోలుకోవడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుందని డాక్టర్లు చెప్పారు. ఫిబ్రవరి 1న ఆయన అసెంబ్లీకి వెళ్లి ఎమ్మెల్యేగా ప్రమాణం చేశారు. రాజకీయాలు పక్కన పెట్టండి. పడ్డ మర్నాడు ఆపరేషన్, ఆపరేషన్ మర్నాడు నిలబడటం: ఈ రెండే మనం పట్టుకోవలసినవి.

"వాళ్లంటే పెద్దోళ్లు" అనే మాట నాకు వినబడుతూనే ఉంది. నిజమే, అందరికీ అంత త్వరగా జరగదు. కానీ మన ఇళ్లలో ఆలస్యానికి డబ్బు ఒక్కటే కారణం కాదు. ముంబైలో ఉన్న తమ్ముడు రావాలి, మేనమామ ఒప్పుకోవాలి, అమావాస్య పోవాలి, ఇంకో డాక్టర్ దగ్గర రెండో మాట, పక్కింటాయన చెప్పిన మూడో మాట. ఈలోపు పడుకున్న మనిషికి ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరుతుంది, వీపు మీద పుండ్లు పడతాయి, కాళ్లలో రక్తం గడ్డ కడుతుంది, రాత్రిళ్లు మతి తప్పినట్టు మాట్లాడటం మొదలవుతుంది. ఆసుపత్రిలో చేరిన రోజో మర్నాడో ఆపరేషన్ జరగాలని బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. భారతదేశం సహా 17 దేశాల్లో 2,970 మందిపై జరిగి 2020లో వచ్చిన అధ్యయనంలో, రోగ నిర్ధారణ అయిన ఆరు గంటల్లోనే ఆపరేషన్ చేస్తే ప్రాణాలు దక్కే లెక్కలో తేడా రాలేదు గానీ, మతి తప్పడం తగ్గింది, త్వరగా లేచి నిలబడ్డారు. నిర్ణయం తీసుకోవడం కూడా ఒక నైపుణ్యమే. మాట్లాడే మనిషి ఒక్కరుండాలి. ఇంట్లో ఆ ఒక్కరు ఎవరో పడకముందే అనుకోండి. మిగతావాళ్లు పళ్లు పట్టుకొచ్చి పలకరించి వెళ్తే చాలు.

డబ్బు సంగతి మాత్రం నిజంగా పెద్దదే. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 10 లక్షల రూపాయలకు పెంచింది 2023 డిసెంబర్ 9న. మీ కార్డుకు ఏ ఆపరేషన్ వర్తిస్తుందో, ఏ ఆసుపత్రిలో వర్తిస్తుందో ఆరోగ్యమిత్రను ముందే అడగండి. పంజాగుట్టలోని నిమ్స్‌కు మెహదీపట్నం నుంచి బస్సులో వెళ్లొచ్చు. అది 1964లో మొదలైందే ఎముకల ఆసుపత్రిగా. అడగడానికి సిగ్గుపడేవాళ్లే మన దగ్గర ఎక్కువ నష్టపోతున్నారు.

మళ్లీ దాపరికం దగ్గరికి వస్తాను, ఎందుకంటే దాచేది నొప్పి ఒక్కటే కాదు. కీళ్లవాతానికి ఏళ్ల తరబడి మందులు వాడేవాళ్లు కొందరు ఆ మాట చెప్పరు. వాటిలో కొన్ని ఆపరేషన్ ముందు ఆపాలి, కొన్ని ఆపకూడదు. స్టిరాయిడ్ మాత్రలు చాలాకాలం వాడినవాళ్లు హఠాత్తుగా మానేస్తే ప్రాణం మీదికి రావచ్చు. వాటితోనే ఎముకలు గుల్లబారి ఉంటాయి కూడా. ఎవరో ఇచ్చిన పొట్లం మందుతో "రెండ్రోజుల్లో నొప్పి మాయం" అయిందంటే అందులో స్టిరాయిడ్ కలిపి ఉండొచ్చు. ఆ పొట్లం సంగతి డాక్టర్‌కు చెప్పడానికి మొహమాటపడతారు, తిడతాడేమోనని. తిట్టనివ్వండి. గుండెకు వేసుకునే రక్తం పలచబరిచే బిళ్ల గురించీ, మందు తాగే అలవాటు గురించీ ఇంతే. అతిగా తాగడం వల్ల, స్టిరాయిడ్ల వల్ల తుంటి తల రక్తం అందక చచ్చిపోయే జబ్బు నడివయసువాళ్లకూ వస్తుంది. తాగుతారా అని డాక్టర్ అడిగేది మీ గుణం తూచడానికి కాదు.

కొందరు దాచరు, వాళ్లకే తెలియదు. తుంటి కీలు నొప్పి చాలాసార్లు గజ్జల్లో వస్తుంది, తొడ ముందు భాగంలో వస్తుంది, ఒక్కోసారి మోకాల్లోనే వస్తుంది. ఏళ్లుగా మోకాలికి నూనె మర్దనా చేయించుకున్న మనిషికి చెడిపోయింది తుంటి అని పడ్డ రోజున తెలుస్తుంది. కాలిగోళ్లు తీసుకోలేకపోవడం, చెప్పుల పట్టీ పెట్టుకోలేకపోవడం, ఆటో ఎక్కేటప్పుడు కాలిని చేత్తో ఎత్తి లోపల పెట్టుకోవడం: ఇవి మోకాలి కన్నా తుంటినే ఎక్కువ అనుమానించవలసిన గుర్తులు. మీ అమ్మ ఆటో ఎక్కుతుంటే ఈసారి గమనించండి.

దాచకపోవడం అన్నప్పుడు నాకు గుర్తొచ్చే మనిషి జాన్ చార్న్‌లీ. నేటి తుంటి మార్పిడికి బాట వేసిన బ్రిటిష్ సర్జన్. 1950ల చివరి నుంచి ఆయన టెఫ్లాన్‌తో చేసిన గిన్నెలు సుమారు 300 మందికి పెట్టాడు. మొదట్లో అద్భుతంగా నడిచారు. కొన్నేళ్లలోనే ఆ టెఫ్లాన్ అరిగి, ఆ పొడి చుట్టూ కండను పాడుచేయడం మొదలైంది. వేరొకరైతే రోగుల వయసు మీదో బరువు మీదో నెట్టేసేవారు. చార్న్‌లీ ఆ పదార్థాన్ని సొంత తొడలోకి ఎక్కించుకుని చూశాడు. వాపు వచ్చింది. పదార్థమే చెడ్డదని బాహాటంగా చెప్పాడు, చెడిన కీళ్లను మళ్లీ తెరిచి సరిచేశాడు. 1962 నవంబర్‌లో రైటింగ్టన్ ఆసుపత్రిలో ఉక్కు తల, పాలిథిన్ జాతి ప్లాస్టిక్ గిన్నెతో కొత్త కీలు పెట్టాడు. ఈ రోజు సోమాజిగూడలోనూ పంజాగుట్టలోనూ పెట్టే కీళ్ల వెనక ఆ ఒప్పుకోలు ఉంది. వ్యక్తిత్వ వికాసం పుస్తకాల్లో విజేతల కథలు బోలెడుంటాయి. ఈ కథ నేను ఎక్కడా చూడలేదు, ఎందుకో మరి.

అన్నట్టు, పరికరాల విషయంలో ఒక జాగ్రత్త. 2010లో ఒక పెద్ద బహుళజాతి సంస్థ లోహం మీద లోహం రాసుకునే తుంటి కీళ్లను ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. మన దేశంలో ఎవరెవరికి పెట్టారో వెతకడమే పెద్ద పనైంది. డిశ్చార్జి రోజున ఇంప్లాంట్ స్టిక్కర్లు, వాటి నంబర్లు అడిగి తీసుకోండి. ఇంటి పట్టా దాచేచోట దాచండి. అది మాత్రం దాచవలసిందే!

ఆపరేషన్ అయింది. ఇప్పుడు అసలు పరీక్ష. మర్నాడు పొద్దున ఫిజియోథెరపిస్టు వాకర్ తెచ్చి "లేవండమ్మా" అంటుంది. ఇంట్లోవాళ్లు "పాపం, నిన్ననే కదా కోసిండ్రు, రెండ్రోజులు పండనియ్యండి" అంటారు. ఈ జాలి ప్రమాదం. నొప్పి మందు సరిగా ఇస్తే నిలబడవచ్చు, నిలబడాలి కూడా. ఏళ్ల తరబడి కీలు పట్టేసిన మనిషికి కండలు కూడా సన్నబడి ఉంటాయి, కొత్త కీలు పెట్టినంత మాత్రాన బలం రాదు. అందుకే పాత జబ్బున్నవారికి వ్యాయామం ఇంకా ఎక్కువ కాలం కావాలి. పక్కింటామె మూడు వారాల్లో కర్ర వదిలేసిందని పోల్చుకోకండి. ఆమె కీలు పడకముందు బాగుండేదేమో.

పరామర్శల సంగతి కూడా చెప్పాలి. కేసీఆర్‌ను చూడటానికి జనం తండోపతండాలుగా వస్తుంటే, దయచేసి ఆసుపత్రికి రావద్దనీ, ఇన్ఫెక్షన్ ప్రమాదం ఉందనీ, తోటి రోగులకు ఇబ్బంది అనీ ఆయనే పడక మీద నుంచి వీడియోలో వేడుకోవలసి వచ్చింది. మీరు మాజీ ముఖ్యమంత్రి కానక్కర్లేదు, ఆ మాట చెప్పడానికి. "పది రోజులాగి ఇంటికి రండి, చాయ్ తాగుదాం" అనండి చాలు. నొచ్చుకునేవాళ్లు ఎలాగూ నొచ్చుకుంటారు.

వయసైపోయిందని చేతులెత్తేసేవాళ్లకు ఒక ఉదాహరణ. బ్రిటన్ రాజమాత ఎలిజబెత్‌కు 1995లో కుడి తుంటి మార్చారు. 1998 జనవరిలో ఆమె పడి ఎడమ తుంటి విరగ్గొట్టుకుంది, అదీ మార్చారు. అప్పటికి 97 ఏళ్లు. ఆ తర్వాత నాలుగేళ్లు బతికింది, కర్రలు పట్టుకుని నలుగురిలో తిరిగింది. రాణివాసం వేరు, గుడిమల్కాపూర్ గల్లీ వేరు, తెలుసు. కానీ "ఈ వయసులో ఆపరేషనా?" అని అడిగే ముందు ఆ వయసులో మంచంలోనే ఉండిపోవడం ఎంత ప్రమాదమో కూడా అడగాలి.

ఇంటికొచ్చాక మారవలసినవి కొన్ని. కింద కూర్చునే మరుగుదొడ్డి కొన్నాళ్లపాటు వద్దు, పూర్తి మార్పిడి అయినవారికి చాలామంది డాక్టర్లు ఎప్పటికీ వద్దనే అంటారు. కుర్చీ కమోడ్ తెచ్చుకోండి. పీట మీద, చాప మీద కూర్చోవడం, బాసింపట్టు వేయడం ఆపాలి. మరి పూలు కట్టడం? బల్ల మీద గంప పెట్టుకుని, ఎత్తైన కుర్చీలో కూర్చుని కట్టొచ్చు. చెప్పినంత తేలిక కాదు, నలభై ఏళ్లు నేల మీద కూర్చున్న చేతులకు బల్ల ఎత్తు కుదరదు. మొదటి వారం మూర పొట్టిగా వస్తుంది, కోపమొస్తుంది. పక్క దుకాణం ఆమె నవ్వుతుంది. నవ్వనివ్వాలి. మూటలు ఎత్తే పని మాత్రం వేరొకరికి అప్పజెప్పండి, నాలుగు డబ్బులు పోయినా సరే. సాయం అడగడం రాని మనిషికి ఇది ఆపరేషన్ కన్నా కష్టమైన పాఠం.

కర్ర ఏ చేత్తో పట్టుకోవాలో పదిమందిని అడిగితే ఎక్కువమంది తప్పే చెబుతారు. ఎడమ తుంటికి ఆపరేషన్ అయితే కర్ర కుడి చేతిలో ఉండాలి. ఎడమ కాలు, కుడి చేతి కర్ర కలిసి ముందుకు రావాలి. మెట్లెక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు. గుడిమల్కాపూర్‌లోని జామ్‌సింగ్ బాలాజీ గుడికి వెళ్లాలనే మొక్కు ఉంటే ఈ సూత్రం వచ్చాకే వెళ్లండి, స్వామి ఎక్కడికీ పోడు.

ఒకసారి పడి ఎముక విరిగిందంటే ఎముకలు గుల్లబారి ఉండొచ్చు. ఎముక బలం చూసే పరీక్ష, దానికి వాడే మందు గురించి డాక్టర్ చెప్పకపోతే మీరే అడగండి. కొందరు కీలు మార్పించుకుని, ఎముక బలం సంగతి మరచి, రెండో తుంటి విరగ్గొట్టుకుని వస్తారు. బాత్రూంలో పట్టుకోవడానికి కడ్డీ, రాత్రి దారిలో చిన్న దీపం, జారని చెప్పులు. ఇవేవీ పెద్ద ఖర్చు కావు.

ఇక ఈ రాత్రే చేయగల పని ఒకటుంది. మీ ఇంట్లో అరవై దాటినవాళ్ల పక్కన కూర్చుని ఒక కాగితం రాయండి. ఎంత దూరం ఆగకుండా నడుస్తున్నారు, కర్ర వాడుతున్నారా, కాలిగోళ్లు ఎవరు తీస్తున్నారు, రాత్రి నొప్పికి మెలకువ వస్తుందా, ఏ మందులు, ఏ పొట్లాలు, షుగర్, బీపీ, పాత ఆపరేషన్లు. "మంచిగనే ఉన్న" అంటే వదలకండి. మళ్లీ అడగండి, ఈసారి మనవరాలిని కూడా పిలవండి, గోళ్లు తీసేది తనే కదా. రాశాక ఫోన్‌లో ఫొటో తీసి, ఆసుపత్రికి ఎవరు పరుగెత్తుతారో వాళ్లందరికీ పంపండి.